అమలాపురంలో బీఎస్సీ చదువుతూ ఇనార్గానిక్ కెమిస్ట్రీ (లోహాలు, ఖనిజాల వంటివాటి రసాయన శాస్త్రం) ప్రొఫెసర్ కావాలంటే దారి ఏమిటి?

ముందు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో ఫెలోషిప్ వస్తుంది, ఇంటి మీద భారం పడదు. అందుకే దీన్ని గట్టిగా చెబుతున్నాను.

అసలు పరీక్ష పీహెచ్‌డీయే. లోహ సంక్లిష్టాల్లో (లోహ పరమాణువు చుట్టూ ఇతర అణువులు చేరిన పదార్థాల్లో) కొన్ని గాలి, తేమ తగిలితే పాడవుతాయి. అలాంటివాటితో నైట్రోజన్‌లోనో ఆర్గాన్‌లోనో పనిచేయాలి. తయారైన పదార్థం నిర్మాణం ఎక్స్-రేలతో తేలాలంటే మంచి స్ఫటికం కావాలి, దానికి వారాలు పట్టొచ్చు. కాబట్టి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేరుకన్నా ల్యాబ్‌లో ఏ పరికరాలున్నాయో, పాత విద్యార్థులు ఏమంటున్నారో చూడండి. పరిశోధనాంశం విషయానికొస్తే, మన డెల్టా వరికి వేసే యూరియాకు కావలసిన అమ్మోనియా ఇనుప ఉత్ప్రేరకం (చర్యను వేగవంతం చేసే పదార్థం) మీదే తయారవుతుంది. ఉత్ప్రేరకాల మీద పరిశోధనకు ఎప్పుడూ విలువ ఉంటుంది.

తర్వాత చాలామంది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేస్తారు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరడానికి నెట్ గానీ రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష ఏపీసెట్ గానీ పనికొస్తుంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో నేరుగా ప్రొఫెసర్ నియామకానికి పీహెచ్‌డీతోపాటు సాధారణంగా కనీసం 10 ఏళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం, కనీసం 10 పరిశోధన పత్రాలు అడిగారు. దరఖాస్తు చేసేముందు ఆ ఏటి నోటిఫికేషన్ తప్పకుండా చదవండి.