పాత బ్రిటిష్ లెక్కలో '3/6' అంటే ఎంత? తెలుగులో ఎలా రాయాలి?

సందేహం: 1900 ప్రాంతంలో లండన్‌లోని ఒక కుటుంబం రాసుకున్న ఇంటి ఖర్చుల పుస్తకాన్ని తెనిగిస్తున్నాను. ధరలు '3/6', '5/-' అనీ, మొత్తాలు ఎల్, ఎస్, డి అనే అక్షరాల కింద మూడు వరుసల్లోనూ ఉన్నాయి. వీటిని దశాంశాల్లో రాయవచ్చునా? లేక మన పాఠకులకు దగ్గరగా ఉంటుందని రూపాయలు, అణాల్లోకి మార్చవచ్చునా?

సమాధానం: రెండూ తగవు. '3/6' అంటే మూడు షిల్లింగుల ఆరు పెన్నీలు. '5/-' అంటే పెన్నీలేమీ లేకుండా అయిదు షిల్లింగులు. 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతి వచ్చేదాకా బ్రిటన్‌లో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. అంటే పౌండుకు 240 పెన్నీలు. ఆ మూడక్షరాలు లిబ్రా, సొలిడస్, డెనారియస్ అనే లాటిన్ పేర్లకు గుర్తులు కనుకనే పెన్నీకి 'డి' వచ్చింది.

పుస్తకంలోని కూడికలను మీరే ఒకసారి వేసి చూడండి. 2 పౌండ్ల 17 షిల్లింగుల 9 పెన్నీలకు 1 పౌండు 4 షిల్లింగుల 5 పెన్నీలు కలిపితే, పెన్నీలు 14 అవుతాయి కాబట్టి రెండు ఉంచి ఒక షిల్లింగు ఎక్కించాలి. షిల్లింగులు 22 అవుతాయి కాబట్టి మళ్లీ రెండు ఉంచి ఒక పౌండు ఎక్కించాలి. మొత్తం 4 పౌండ్ల 2 షిల్లింగుల 2 పెన్నీలు. దీన్ని 4.22 అని రాస్తే లెక్కే తప్పుతుంది. మాటల్లోనూ ఇదే ప్రమాదం ఉంది: 'టూ పౌండ్ టెన్' అంటే రెండు పౌండ్ల పది షిల్లింగులు, అంటే రెండున్నర పౌండ్లు.

నాణెమా, మొత్తమా అన్నది కూడా గమనించాలి. 'సిక్స్‌పెన్స్' ఒకే నాణెం అయిన చోట 'ఆరు పెన్నీల నాణెం' అనీ, ఉత్త మొత్తమే అయితే 'ఆరు పెన్నీలు' అనీ రాయండి. 'హాఫ్ క్రౌన్' రెండు షిల్లింగుల ఆరు పెన్నీల వెండి నాణెం. గినీని మాత్రం పౌండు చేయకండి. గినీ నాణేల ముద్రణ 1814తోనే ఆగినా, వైద్యులూ న్యాయవాదులూ తమ ఫీజులను ఆ తరువాత కూడా ఇరవై ఒక్క షిల్లింగుల గినీల్లోనే చెప్పేవారు. అయిదు గినీలంటే 5 పౌండ్ల 5 షిల్లింగులు.

ఇక రూపాయలు, అణాల మాట. మీకా ఆలోచన రావడం సహజమే. 1899లో బంగారు సావరిన్, అంటే ఒక పౌండు, ఇండియాలో పదిహేను రూపాయలకు చెల్లేది. ఆ లెక్కన రూపాయికి పదహారు పెన్నీలు, అణాకు సరిగ్గా ఒక పెన్నీ. షిల్లింగు ముప్పావలా అవుతుంది, '3/6' రెండు రూపాయల పది అణాలవుతుంది. అయితే 1927లో రూపాయి విలువను పద్దెనిమిది పెన్నీలుగా నిర్ణయించారు కనుక ఆ సమానత్వం ఎల్లకాలం నిలిచింది కాదు. పైగా లండన్ కూరగాయల దుకాణంలో అణాలు చేతులు మారినట్టు రాస్తే పాఠకుడికి ఆ ఊరే కనిపించకుండా పోతుంది. పౌండు, షిల్లింగు, పెన్నీలను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట పాదసూచికలో ఈ లెక్క ఇవ్వండి. పుస్తకంలో సావరిన్ కనిపిస్తే మాత్రం 'సవర' అని రాయవద్దు. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల పాఠకులు దాన్ని ఎనిమిది గ్రాముల బంగారం తూకంగానే చదువుకుంటారు.