కలరా బ్యాక్టీరియాకు పేగులోకి వచ్చానని ఎలా తెలుస్తుంది?

నీళ్ళలో ఊరికే బతికే బ్యాక్టీరియా ఒంట్లోకి రాగానే విషం తయారుచేయడం ఎలా మొదలుపెడుతుందని అడిగారు. ఎంఎస్సీ తర్వాత కొన్నేళ్ళు కలరా బ్యాక్టీరియాతో పనిచేశాను, కాబట్టి దాని గురించే చెప్తాను.

ఇది ఒక్క సంకేతంతో తేలే వ్యవహారం కాదు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఎల్ టార్ రకాన్ని ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే మామూలు పోషక ద్రవం (ఎల్‌బీ మీడియం)లో వేసి, 37 డిగ్రీల దగ్గర ఫ్లాస్కును ఊపుతూ ఉండే షేకర్‌లో పెడితే చక్కగా పెరుగుతుంది, విషం మాత్రం దాదాపు రాదు. దానితో విషం చేయించడానికి మా సీనియర్ అక్క నాకు ఏకేఐ అనే పెంపకం పద్ధతి నేర్పింది. మీడియంలో 0.3 శాతం సోడియం బైకార్బొనేట్ కలిపి, మొదటి 4 గంటలు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే షేకర్ మీద పెట్టాలి. అవే జన్యువులు, అదే బ్యాక్టీరియా, అయినా విషాన్ని కొలిచే ఎలైజా పరీక్షలో అది స్పష్టంగా కనిపిస్తుంది. పాత క్లాసికల్ రకానికైతే 30 డిగ్రీలు, పీహెచ్ 6.5 సరిపోతాయి. పేగులో ఉండేది 37 కదా, మరి 30 దగ్గర ఎందుకు బాగా వస్తుందని ల్యాబ్‌లో తెగ వాదించుకునేవాళ్ళం. నా మటుకు, ఫ్లాస్కులో పనిచేసే పరిస్థితిని పేగు పరిస్థితి అనుకోకూడదు.

లోపల జరిగేది ఇదీ. టాక్స్‌ఆర్, టీసీపీపీ అనే రెండు ప్రోటీన్లు కణం పొరలో ఉంటాయి. వాటి ఒక కొస పొర బయటి వైపు, మరో కొస లోపల డీఎన్‌ఏ మీద. రెండూ కలిసి టాక్స్‌టీ అనే ప్రోటీన్‌ను తయారుచేయిస్తాయి. పేగుకు అతుక్కునే నూలుపోగుల్లాంటి పిలై, కలరా విషం, రెండింటి జన్యువులనూ నడిపించేది టాక్స్‌టీయే. ఆ విషం జన్యువు బ్యాక్టీరియా సొంతం కూడా కాదు, ఒక వైరస్ తెచ్చిపెట్టింది. 1996లో వాల్డర్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు ఇది చూపించారు. బయటి నుంచి వచ్చిన జన్యువు ఇంటి అదుపులోకి ఇంత చక్కగా ఒదిగిపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

పిత్తరసం సంగతి ఇంకా చిత్రం. అందులోని టారోకోలేట్ లవణం టీసీపీపీని మేల్కొలుపుతుంది, అందులోనే ఉన్న కొవ్వు ఆమ్లాలు టాక్స్‌టీని అణచిపెడతాయి. బైకార్బొనేట్ తగిలితే టాక్స్‌టీ చురుకవుతుంది. పేగు గోడ కణాలు బైకార్బొనేట్‌ను వదులుతాయి కాబట్టి, జిగురు పొర దాటి గోడ దగ్గరికి చేరాకే పూర్తి స్థాయిలో పని మొదలవుతుందని చాలామంది భావిస్తారు.

ఆపడం కూడా అంతే ముఖ్యం, దీన్ని పాఠాల్లో పైపైన చెప్పి వదిలేస్తారు. సంఖ్య బాగా పెరిగాక హ్యాప్‌ఆర్ అనే ప్రోటీన్ వచ్చి విషం దారిని మూసేస్తుంది, గోడ నుంచి ఊడిపోవడానికి తోడ్పడే ఎంజైమును తయారుచేయిస్తుంది. స్టెఫైలోకాకస్ లాంటివి గుంపు పెరిగాక విషాలు వదిలితే, ఇది గుంపు పెరిగాక ఆపేస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలతో బయటపడి మరొకరిని చేరడమే దీని బతుకు మరి.

2005లో వీర్‌స్టాటిన్ అనే చిన్న అణువు టాక్స్‌టీని అడ్డుకుని, ఎలుక పిల్లల పేగుల్లో కలరాను స్థిరపడనివ్వలేదు. బ్యాక్టీరియాను చంపకుండానే. రోగికి మాత్రం ఇప్పటికీ ముందు ఇవ్వాల్సింది ఓఆర్‌ఎస్, పరిస్థితి తీవ్రమైతే సెలైన్.