తెలుగు మీడియం వాళ్ళ ఇంగ్లీషులో ప్రతిచోటా 'ఇంగ్' ఎందుకొస్తుంది?

మీ ప్రశ్న ఇదీ: డిగ్రీ దాకా తెలుగు మీడియం, 12 టెన్సుల చార్ట్ కంఠతా వచ్చు, అయినా నోరు తెరిస్తే 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హ్యావింగ్' అనే వస్తోంది, కనీసం ప్రెజెంట్ టెన్స్ అయినా ఎలా సరిచేసుకోవాలి అని.

అమీర్‌పేటలో కొన్నేళ్ళు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు చెప్పాను, మాక్ ఇంటర్వ్యూలు చేయించాను. నేను చూసినంతలో మీలాంటి వాళ్ళకి గ్రామర్ తెలియక కాదు. తెలుగు క్రియ చివర ఏముందో చూసి దాన్నే ఇంగ్లీషులోకి దించేస్తారు. '-తున్నాను' ఉంటే 'యామ్' పెట్టి 'ఇంగ్' తగిలిస్తారు, '-తాను' ఉంటే 'విల్' పెడతారు. చిక్కంతా అక్కడే.

ముందు 'విల్' సంగతి. "రోజూ ఆరింటికి లేస్తాను", "రేపు ఆరింటికి లేస్తాను". తెలుగులో క్రియ ఒకటే, రోజూనా రేపా అన్నది పక్కమాట చూసుకుంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. రోజూ అయితే 'ఐ గెట్ అప్ ఎట్ సిక్స్', రేపైతే 'ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్'. దినచర్య చెప్పమంటే క్లాసులో సగం మంది 'డైలీ ఐ విల్ గో టు జిమ్, ఐ విల్ ఈట్ టిఫిన్' అనేవాళ్ళు. వినేవాళ్ళకి రేపటి ప్రోగ్రాం చెబుతున్నట్టు ఉంటుంది. 'తినను' దగ్గరా ఇదే గొడవ. "నేను నాన్‌వెజ్ తినను" అంటే 'ఐ డోంట్ ఈట్ నాన్‌వెజ్'. 'ఐ వోంట్ ఈట్' అంటే కంచం ముందు కూర్చుని మొండికేసినట్టు!

ఇక 'ఇంగ్'. మాక్ ఇంటర్వ్యూలో ఎక్కువగా వినబడే మాట 'ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ నల్గొండ'. అంటే ఇంకా బస్సులోనే ఉన్నారన్నమాట. సొంతూరు చెప్పాలంటే 'ఐ యామ్ ఫ్రమ్ నల్గొండ' చాలు. తర్వాతి వాక్యం 'మై ఫాదర్ ఈజ్ డూయింగ్ అగ్రికల్చర్'. దానికి 'మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్' అంటే సరిపోతుంది. ఇంటర్వ్యూలో 'వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?' అంటే వృత్తి అడుగుతున్నారు. 'వాట్ ఈజ్ యువర్ ఫాదర్ డూయింగ్?' అంటే సాధారణంగా ఈ నిమిషాన ఏం చేస్తున్నారని. ఒకసారి కావాలనే రెండోది అడిగాను. అందరూ ఫార్మర్, డ్రైవర్, టీచర్ అనుకుంటూ పోయారు. ఒకమ్మాయి మాత్రం గోడ గడియారం చూసి 'హీ ఈజ్ స్లీపింగ్, సర్' అంది. క్లాసంతా నవ్వింది గానీ, అడిగినదానికి జవాబు చెప్పింది ఆ అమ్మాయొక్కతే.

ఎక్కడ 'ఇంగ్' పెట్టకూడదో పట్టుకోవడానికి నేను చెప్పే చిట్కా ఒకటుంది. తెలుగులో ఆ వాక్యం 'నాకు'తో మొదలవుతుందేమో చూడండి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు అర్థం కావట్లేదు, నాకు ఇద్దరు చెల్లెళ్ళున్నారు. ఇవేవీ మనం చేసే పనులు కావు, మన స్థితులు. ఇంగ్లీషులో వీటికి నో, వాంట్, లైక్, రిమెంబర్, అండర్‌స్టాండ్, హ్యావ్ వాడతాం, మామూలుగా 'ఇంగ్' చేర్చం. 'ఐ డోంట్ అండర్‌స్టాండ్', 'ఐ హ్యావ్ టూ సిస్టర్స్'. చివరికి '-తోంది' వచ్చే వాక్యాల్లో కూడా ఇది చాలాసార్లు పనిచేస్తుంది. "నాకు ఆకలేస్తోంది" అంటే 'ఐ యామ్ హంగ్రీ'. ఫోనులో "మీ మాట నాకు వినిపిస్తోంది" అనాలంటే 'ఐ కెన్ హియర్ యూ'. అన్నిచోట్లా నడవదు లెండి. "నాకు జలుబు చేస్తోంది" అన్నప్పుడు 'ఐ యామ్ గెటింగ్ ఎ కోల్డ్' అనే అంటాం. 'హ్యావింగ్ లంచ్' కూడా కరెక్టే, ఎందుకంటే అక్కడ హ్యావ్ అంటే తినడం, అది పని.

థర్డ్ పర్సన్ 'ఎస్' గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. చేస్తాను, చేస్తావు, చేస్తాడు, చేస్తుంది అంటూ మనిషి మనిషికీ క్రియ మార్చే మనకి ఒక్క 'ఎస్' ఏపాటి? 'హీ వర్క్స్'. ప్రశ్నలో ఆ 'ఎస్' డజ్‌లోకి వెళ్ళిపోతుంది, అందుకే 'డజ్ హీ వర్క్?'

వాక్య నిర్మాణంలో నేను ఎక్కువ టైం పెట్టించేది రెండింటి మీద. ఒకటి, కర్త. "ఎండగా ఉంది", "వచ్చేశాడు" అని మనం కర్త లేకుండా దర్జాగా మాట్లాడేస్తాం. ఇంగ్లీషు మామూలు వాక్యంలో ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు, ఎవరూ లేకపోతే 'ఇట్' వచ్చి కూర్చుంటుంది: 'ఇట్ ఈజ్ హాట్'. రెండోది, ఏ క్రియ వెనక ఏం వస్తుందన్నది. 'టెల్ మీ', 'గివ్ మీ' అంటాం కదా అని 'ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్', 'సజెస్ట్ మీ ఎ గుడ్ కాలేజ్' అనేస్తారు. ఆ రెండు క్రియలూ అలా ఒప్పుకోవు. 'ఎక్స్‌ప్లెయిన్ దిస్ టు మీ', 'కెన్ యూ సజెస్ట్ ఎ గుడ్ కాలేజ్?' అనాలి. దీనికి రూలు వెతక్కండి. కొత్త క్రియ నేర్చుకున్నప్పుడల్లా అర్థంతో పాటు ఒక పూర్తి వాక్యం కూడా రాసుకోండి.

"అయిదేళ్ళ నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను" అన్న వాక్యంలో మనవాళ్ళు రెండుసార్లు జారతారు. ఒకటి 'ఐ యామ్ లివింగ్', రెండోది 'సిన్స్ ఫైవ్ ఇయర్స్'. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతోంది కాబట్టి 'ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ హైదరాబాద్ ఫర్ ఫైవ్ ఇయర్స్'. 2019 నుంచి అన్నా, అయిదేళ్ళ నుంచి అన్నా మనకి 'నుంచే'. ఇంగ్లీషులో మొదలైన సమయానికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్.

మన మధ్య 'ఇంగ్' ఎక్కువైతే కొంపేమీ మునగదు. దేశమంతా అలా మాట్లాడేవాళ్ళున్నారు, ఎదుటివాళ్ళకి అర్థమవుతూనే ఉంటుంది. ఇంటర్వ్యూ ఉందనో, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాలనో అయితే మాత్రం కూర్చుని సరిచేసుకోవాల్సిందే. అందుకు చార్ట్ పక్కన పడేసి ఫోన్ తీసుకోండి. మీ ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారో రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి రికార్డ్ చేయండి. తిరిగి వింటూ 'విల్', 'ఇంగ్' వచ్చినచోటల్లా ఆపి, అది రేపటి మాటా, ఈ నిమిషం జరుగుతున్న పనా అని అడగండి. రెండూ కాకపోతే దాన్ని 'ఐ గెట్ అప్', 'హీ వర్క్స్' లాంటి సింపుల్ ప్రెజెంట్‌లోకి మార్చి మళ్ళీ చెప్పి చూడండి. 'నుంచి' ఉన్న వాక్యాలు మాత్రం దీంట్లో కలపకండి, వాటి లెక్క పైన చెప్పినట్టు వేరు.