సెకండ్-గెస్ అనే మాట గురించి

అమ్మడూ,

ఇంటర్వ్యూలో "డూ యు సెకండ్-గెస్ యువర్‌సెల్ఫ్?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదని రాశావు. రెండోసారి ఊహించడం అనుకున్నావట. విడివిడిగా రెండు మాటలూ తెలిసినవే కాబట్టి అలా అనిపించడం సహజమే. ఆ క్రియ ఎక్కడ పుట్టిందో తెలిస్తే అర్థం తేలిగ్గా పట్టుబడుతుంది.

అది అమెరికా బేస్‌బాల్ నుంచి వచ్చింది. ఆట ముగిసి ఫలితం తెలిశాక, మేనేజర్ ఇలా చేయాల్సింది, అలా చేయాల్సింది అని తప్పుపట్టే అభిమానులను సెకండ్-గెసర్లు అనేవాళ్లు. మన దగ్గర మ్యాచ్ ఓడిపోయాక, టాస్ గెలిచి బౌలింగ్ ఎందుకు తీసుకున్నాడని కెప్టెన్‌ని అంటారు చూడు, అదే. మన నిర్ణయాన్ని మనమే అలా తప్పుపడుతూ ఉంటే అది సెకండ్-గెసింగ్ మైసెల్ఫ్.

దీన్ని హెజిటేట్‌తో కలపకు. పని చేయకముందు వెనకాముందూ ఆడితే హెజిటేట్. నిర్ణయం అయిపోయాక అనుమానం మొదలైతే సెకండ్-గెస్. వాక్యంలో వాడే తీరు కూడా వేరు. "ఐ హెజిటేటెడ్ టు ఆస్క్" అంటాం కానీ "ఐ హెజిటేటెడ్ ది డెసిషన్" అనం. సెకండ్-గెస్‌కి మాత్రం సాధారణంగా కర్మ ఉండాలి: మైసెల్ఫ్, హర్, ది డెసిషన్, ఏదో ఒకటి.

డిక్షనరీ అర్థం బట్టీ పట్టకు. "ఐ కీప్ సెకండ్-గెసింగ్ మైసెల్ఫ్", "స్టాప్ సెకండ్-గెసింగ్ యువర్‌సెల్ఫ్", ఈ రెండు వాక్యాలనూ ఉన్నవి ఉన్నట్టు నోటికి ఎక్కించుకో. ఇలాంటి వాక్యాల్లో కీప్, స్టాప్ తర్వాత ఇంగ్ రూపమే వస్తుందన్న సంగతి కూడా వాటితోపాటే అలవాటవుతుంది. తర్వాత నీ సొంత విషయాలు చెప్పు. ఎంటెక్ వద్దనుకుని ఉద్యోగం వెతుక్కుంటున్నావు కదా: "ఐ చోజ్ టు వర్క్, అండ్ ఐయామ్ నాట్ సెకండ్-గెసింగ్ దట్." పైకి చెప్పు, గట్టిగా. మధ్యలో ఇన్ అనాలా ఆన్ అనాలా అని టెన్షన్ పడి ఆగకు. వాక్యం పూర్తిచేశాక దిద్దుకోవచ్చు. నీకు ఇంగ్లిష్ రాకపోవడం కాదమ్మా, సగంలో ఆగిపోవడమే నిన్ను ఇబ్బంది పెడుతోంది. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

ఎదుటివాళ్లు ఏం చేస్తారో ముందే అంచనా వేయడం అనే అర్థం కూడా ఈ క్రియకు ఉంది. ఇప్పుడే దాని జోలికి వెళ్లకు. ముందు మైసెల్ఫ్‌తో నాలుగైదు వాక్యాలు రాసి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య