జనరేటర్ ఎవరు వేయాలి?

ప్రశ్న: మాది విడవలూరు మండలం, రొయ్యల గుంటలు చేస్తుంటాను. మా పాప నెల్లూరులో బీటెక్ చేసి ఆరు నెలల కింద హైదరాబాదు కంపెనీలో టెస్టింగ్ పనికి చేరింది. పనంతా ఇంటి నుంచే. టీమ్‌లో ఆరుగురు, తలా ఒక ఊళ్లో ఉన్నారు. రాత్రి పదకొండు దాకా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటుంది. అయినా మొన్న వాళ్ల లీడ్ ‘నువ్వేం చేస్తున్నావో కనపడటం లేదు’ అన్నాడంట. పోయినేడు రొట్టెల పండగలో ఉద్యోగం రావాలని ఉద్యోగం రొట్టె పట్టుకుంది, కోరిక తీరింది కాబట్టి ఈ ఏడు వదలాలి. సెలవు అడగడానికి కూడా భయపడుతోంది. మానిపించి బ్యాంకు కోచింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: అయ్యా, అప్పుడే మానిపించొద్దు. బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు. ఐబీపీఎస్ పీవో అనే బ్యాంకు ఆఫీసరు పరీక్షకి జనరల్ వాళ్లకే 30 ఏళ్ల దాకా వయసుంది. ఇష్టపడి ఆ దారికి వెళితే మంచిదే, భయపడి వెళ్లడమే నాకు నచ్చదు.

మీ గుంటల దగ్గర సంగతే చూడండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే జనరేటర్ ఎవరు వేయాలి? కాపలా మనిషా, మేత వేసే కుర్రాడా, మీరా? ఈ మాట కరెంటు పోయాక మాట్లాడుకోరు కదా! ముందే తేల్చిపెట్టుకుంటారు. లేకపోతే ఒకరు వేస్తారని ఒకరు పడుకుంటారు, పొద్దునకి రొయ్యలు తేలతాయి. పాప టీమ్‌లో ఈ తేల్చుకోవడమే జరగలేదని నా అనుమానం.

ఇందులో నాకూ దెబ్బ తగిలింది. 2020 లాక్‌డౌన్‌లో ఒంగోలులో ఇంట్లో కూర్చుని ఒక శిక్షణ సంస్థకు పనిచేశాను. శుక్రవారం సాయంత్రానికి మార్కుల పట్టిక క్లయింటుకు వెళ్లాలి. గ్రూపులో నేను ‘రెడీ’ అని పెట్టాను, సహోద్యోగి బొటనవేలు గుర్తు పెట్టాడు. నేను పంపుతున్నానని అతను, అతను పంపుతాడని నేను. సోమవారం క్లయింటు ఫోన్ చేసేదాకా అది నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఒకే గదిలో ఉంటే ‘పంపావా?’ అన్న ఒక్క మాటతో పోయేది.

ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ తాడు లాగించి చేసిన ప్రయోగాలు 1913లో అచ్చయ్యాయి. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. అందరూ ఒక్క ఊపున లాగలేకపోవడం కొంత, పక్కవాడు లాగుతాడులే అనుకోవడం కొంత అని తర్వాతి వాళ్లు తేల్చారు. అందుకే కంపెనీల్లో రాసీ అని ఒక పట్టిక వేసుకుంటారు. పని చేసేదెవరు, దానికి జవాబు చెప్పేదెవరు, ఎవరి సలహా అడగాలి, ఎవరికి కబురు అందాలి అన్నవి అందులో ఉంటాయి. జవాబు చెప్పే మనిషి మాత్రం ఒక పనికి ఒక్కరే. ఆరుగురి టీమ్‌కి అంత పట్టిక అక్కర్లేదు, ఒక్క మెసేజ్ చాలు. పాపను లీడ్‌కి ఇట్టా రాయమనండి:

‘నాకు అర్థమైనంతలో నా పనులు మూడు: లాగిన్ పేజీ టెస్టింగ్, కస్టమర్లు చెప్పిన బగ్‌లు నమోదు చేయడం, శుక్రవారం రిపోర్టు. రిపోర్టు పూర్తిగా నాదేనా, ఇంకెవరితోనైనా కలిసి చేయాలా? మిగతావాళ్లు నేరుగా పని చెబితే ముందు మీకు చెప్పి మొదలుపెట్టనా?’

లాగిన్ పేజీ అన్నది నా ఊహే, తన పనులు తను రాసుకుంటుంది. చివరి ప్రశ్న మాత్రం తీసేయొద్దు. రాత్రి పదకొండు అవుతోందంటే ఐదుగురూ తలా ఒక పని ఆమె మీద వేస్తున్నట్టే లెక్క. పక్క గుంట ఏరియేటర్ కాలిపోతే మీది విప్పి ఇస్తారు. అంతమాత్రాన ఆ గుంట మీదైపోదు కదా. పాప కూడా సాయం చేయాలి, చేసిన సాయం గ్రూపులో అందరికీ కనపడేట్టు ఒక వాక్యం రాయాలి. లీడ్‌కి ‘కనపడనిది’ ఇదే అయ్యుంటుంది.

సాయం అడగడంలో మన పిల్లలు మరీ మొహమాటస్థులు. ఆఫీసులో అయితే తల పట్టుకుని కూర్చుంటే పక్క కుర్చీవాళ్లు చూసి వస్తారు. ఇంట్లో ఎవరు చూస్తారు? అరగంట తనే ప్రయత్నించి, కుదరకపోతే ‘ఇది చేశాను, ఇక్కడ ఆగింది’ అని స్క్రీన్‌షాట్‌తో గ్రూపులో అడగమనండి. సీనియర్ ఎవరైనా పావుగంట స్క్రీన్ పంచుకుని చూపిస్తే రెండు రోజుల పని కలిసొస్తుంది.

మీకూ ఒక మాట. డ్యూటీ వేళల్లో ‘ఇంట్లోనే ఉందిగా’ అని పనులు చెప్పకండి.

రెండు నెలలు ఇట్టా చేసి చూడండి. రెండుసార్లు రాసి అడిగినా లీడ్ తేల్చకపోతే వేరే ఉద్యోగం వెతుక్కోమనండి, అది చేతికొచ్చాకే రాజీనామా.

సెలవు తప్పకుండా అడగాలి. పుణె వాళ్లకో బెంగళూరు వాళ్లకో రొట్టెల పండగ తెలియదు, తారీఖులు ముందే క్యాలెండర్‌లో పెట్టాలి. తను లేని రోజుల్లో రిపోర్టు ఎవరు పంపుతారు, ఫైలు ఎక్కడుంది, ఏ వేళకి ఫోన్ ఎత్తుతుంది, ఈ మూడూ రాసి వెళ్లమనండి. పండగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర అంత జనంలో సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు, ఆ ముక్క కూడా రాయమనండి.