టీవీకి కలిపిన ల్యాప్‌టాప్: అంచులు ఎందుకు తెగుతాయి?

ప్రశ్న: మా అమ్మాయి పోటీ పరీక్షల కోసం ఆన్‌లైన్‌లో తరగతులు వింటోంది. ల్యాప్‌టాప్ తెర చిన్నది కావడంతో కళ్లు లాగుతున్నాయంటే, హాల్లో ఉన్న 43 అంగుళాల టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను. బొమ్మ వచ్చింది గానీ నాలుగు అంచులూ తెగిపోతున్నాయి; కింద టాస్క్‌బార్ సగమే కనిపిస్తోంది. అక్షరాలు తడి కాగితం మీద రాసినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. శబ్దం మాత్రం ల్యాప్‌టాప్‌లోంచే వస్తోంది. బంగారు పూత ఉన్న ఖరీదైన కేబుల్ వేస్తే అన్నీ సర్దుకుంటాయని దుకాణదారు అంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొనవద్దు. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో ప్రయాణించేది అంకెల రూపంలోని సంకేతం. కేబుల్ పాడైతే తెరపై చుక్కలు మెరుస్తాయి, బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది, లేదా అసలే రాదు. అంతేగానీ అంచులు కోయడం, అక్షరాలను మసకబార్చడం కేబుల్‌కు చేతనయ్యే పనులు కావు.

అంచులు కోస్తున్నది టీవీయే. వెనకటి పిక్చర్ ట్యూబు టీవీల్లో కరెంటు హెచ్చుతగ్గులను బట్టి బొమ్మ పరిమాణం కొద్దిగా మారుతుండేది, అంచులు కూడా సమంగా ఉండేవి కావు; ఆ లోపం కంటపడకుండా బొమ్మను తెరకంటే కాస్త పెద్దదిగా గీసి, మిగిలిన భాగం చట్రం వెనక దాగిపోయేలా తయారుచేసేవారు. దీనినే ఓవర్‌స్కాన్ అంటారు. ట్యూబులు పోయి పలుచని తెరలు వచ్చినా అలవాటు మాత్రం పోలేదు. హెచ్‌డీఎంఐ ద్వారా బొమ్మ రాగానే అది సినిమానో ప్రసారమో అనుకుని చాలా టీవీలు దానిని సాగదీస్తాయి. అడ్డంగా 5 శాతం కోసిందనుకుంటే, బొమ్మలో ఒక్కో వరుసకు ఉండే 1920 చుక్కల్లో (పిక్సెల్స్) 1824 మాత్రమే మిగులుతాయి. వాటినే మళ్లీ 1920 చుక్కల మేర పరచాలి కాబట్టి ఒక చుక్క పక్క చుక్కలోకి పాకుతుంది. అంటే అంచులు తెగడమూ అక్షరాలు అలుక్కుపోవడమూ చాలావరకు ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

మందు రిమోట్‌లోనే ఉంది. బొమ్మకు సంబంధించిన అమరికల్లో పరిమాణం ఎంచుకునే చోటు వెతకండి. ఎల్‌జీ టీవీల్లో దాని పేరు ‘జస్ట్ స్కాన్’, శామ్‌సంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘ఫిట్ టు స్క్రీన్’, సోనీలో ‘ఫుల్ పిక్సెల్’. అది పెట్టగానే టాస్క్‌బార్ పూర్తిగా కనిపించాలి. కొందరు ఈ పని చేయకుండా ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌తో బొమ్మను కుదిస్తారు. అంచులు తెరలోకి వస్తాయి నిజమే, కానీ ఒకసారి కుదించి, మరోసారి సాగదీసిన అక్షరం ఇంకా మసకబారుతుంది.

ఆ తరువాత, ల్యాప్‌టాప్ తగిలించిన ఇన్‌పుట్ పేరును టీవీలో ‘పీసీ’ అని మార్చండి. ఇది పేరు కోసం పేరు కాదు. సినిమాల్లో వెలుగు వివరం ప్రతి చుక్కకూ విడిగా ఉంటుంది, రంగు వివరం మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒకటే ఉంటుంది. ముఖాల్లో, చెట్లలో ఆ పొదుపు కంటికి తెలియదు గానీ, నల్లని నేపథ్యంపై సన్నని ఎర్ర అక్షరాలు దానితో చెదిరిపోతాయి. ‘పీసీ’ అని గుర్తిస్తే ప్రతి చుక్క రంగునూ చాలా టీవీలు విడిగానే చూపుతాయి. షార్ప్‌నెస్ కూడా తగ్గిస్తూ వెళ్లి, అక్షరాల చుట్టూ తెల్లని గీత మాయమైన చోట ఆపండి. ఎక్కువ పెడితే స్పష్టత పెరుగుతుందనుకోవడం పొరపాటు.

ల్యాప్‌టాప్ వైపు చూడవలసింది ఒకటుంది. విండోస్ మీట, పీ మీట కలిపి నొక్కితే నాలుగు మార్గాలు కనిపిస్తాయి. వాటిలో ‘డూప్లికేట్’ ఎంచుకుని ఉంటే రెండు తెరలకూ ఒకే రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలన్న లెక్క) వెళుతుంది. పాత ల్యాప్‌టాప్ తెర 1366×768 అయితే టీవీకి కూడా అదే అందవచ్చు. ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ పెట్టి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920×1080 ఎంచుకోండి. మీది 4కే టీవీ అయితే 3840×2160 పెట్టాలనిపిస్తుంది, కానీ హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు ఆ రిజల్యూషన్‌లో సెకనుకు 30 బొమ్మలకు మించి పంపలేవు, మౌస్ బాణం కుంటుతున్నట్టు కదులుతుంది. అలాంటప్పుడు 1920×1080 వద్ద 60 బొమ్మలే మేలని నా అభిప్రాయం.

శబ్దం సంగతి తేలిక. హెచ్‌డీఎంఐ బొమ్మతోపాటు ధ్వనినీ మోస్తుంది. టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తు నొక్కి, పరికరాల జాబితాలో టీవీ పేరు ఎంచుకుంటే చాలు.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌కు టైప్-సీ పోర్టు మాత్రమే ఉంది. హెచ్‌డీఎంఐ అడాప్టర్ తెచ్చాను. నా స్నేహితుడి ల్యాప్‌టాప్‌తో పనిచేస్తోంది, నాదానితో టీవీలో ‘నో సిగ్నల్’ అని వస్తోంది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లోపం కాకపోవచ్చు. టైప్-సీ అన్నది రంధ్రం ఆకారం పేరే గానీ, దానిలోంచి బొమ్మ వస్తుందన్న హామీ కాదు. బొమ్మ రావాలంటే ఆ పోర్టులో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ అనే ఏర్పాటు ఉండాలి. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్‌ను తెలిపే డీపీ గుర్తుగానీ, థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన పోర్టును తెలిపే మెరుపు గుర్తుగానీ ఉంటే ఆ ఏర్పాటు ఉన్నట్టే. గుర్తు లేనంత మాత్రాన లేదనీ తీర్పు చెప్పలేము కాబట్టి, మోడల్ సంఖ్యతో తయారీదారు ఇచ్చిన వివరాలు చూడండి. లేదని తేలితే, మామూలు యూఎస్‌బీ ద్వారానే బొమ్మను పంపే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ కొని, దానిని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) వేసుకోవచ్చు. టీవీ మిరాకాస్ట్‌ను అంగీకరిస్తే విండోస్ మీట, కే మీట కలిపి నొక్కి కేబుల్ లేకుండానే కలపవచ్చు. ఇందులో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, పాఠాలు వినడానికి ఫరవాలేదు గానీ టైపు చేయడానికి చిరాకు.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌కు వీజీఏ అనే పాత రకం పోర్టు ఒక్కటే ఉంది, టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే. దారి ఉందా?
– మరో పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఉంది. ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి’ మార్చే కన్వర్టర్ అడిగి తీసుకోండి. చూడటానికి అలాగే ఉండే ‘హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి’ మార్చేది తెచ్చుకుంటే ఎంత తగిలించినా పనిచేయదు. వీజీఏలో ధ్వని రాదు కాబట్టి హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే ఆడియో తీగ, కరెంటు కోసం యూఎస్‌బీ తీగ రెండూ ఉన్న రకాన్ని ఎంచుకోండి.