జర్మనీలో వాలంటీర్ ఏడాది: అమ్మాయిని వెనక్కి పిలవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేసి, జర్మన్‌లో బీ1 స్థాయి పాసై, సెప్టెంబరులో వాలంటీర్‌గా జర్మనీ వెళ్లింది. స్టుట్‌గార్ట్‌ దగ్గర చిన్న ఊరు, వృద్ధాశ్రమంలో పని. రెండు నెలలైంది. ఫోన్ చేస్తే ఏడుస్తోంది. వాళ్ల మాట అర్థం కావట్లేదట, ఆదివారం ఊరంతా మూసేస్తారట, సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడిపోతోందట. ముసలివాళ్లకు స్నానాలు చేయించడం, డైపర్లు మార్చడం కూడా తన పనేనని మాకు ఇప్పుడే తెలిసింది. డిగ్రీ చదివించింది ఇందుకా అని వాళ్లమ్మ బాధపడుతోంది. పంపించిన కన్సల్టెన్సీకి మూడు లక్షలు కట్టాం. వెనక్కి పిలిపించెయ్యమంటారా? ఈ ఏడాది తన కెరీర్‌కు ఏమైనా పనికొస్తుందా?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: ఇప్పుడే పిలిపించకండి. అలాగని "సర్దుకుపో తల్లీ" అని చెప్పి ఫోన్ పెట్టేయకండి కూడా. మీరు రాసినవన్నీ కొత్త చోట అలవాటు పడేలోగా ఎవరికైనా ఎదురయ్యేవే. అసలు అడగాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. ఉండాలా రావాలా అన్నది వాటిని బట్టి తేలుతుంది.

ముందు డైపర్ల గొడవ తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో అసలు బాధ అక్కడే ఉందనిపిస్తోంది. 2011 వరకు జర్మనీలో మగపిల్లలకు సైన్యంలో చేరడం తప్పనిసరి. తుపాకీ పట్టనన్నవాళ్లు దానికి బదులు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవారు. ఆ ఏడాది జూలై 1 నుంచి ఆ నిర్బంధాన్ని ఆపేశారు, ఆ ఖాళీని పూడ్చడానికి బుండెస్‌ఫ్రైవిల్లిగెన్‌డీన్స్ట్ అనే వాలంటీర్ పథకం తెచ్చారు. కుర్రకారు కోసం ఎఫ్ఎస్‌జే అనే ఇంకో పథకం 1964 నుంచే ఉంది. అందుచేత మీ అమ్మాయి ఉన్న ఊళ్లో ఇవాళ యాభై ఏళ్లున్న డాక్టర్లలో, ఇంజినీర్లలో, బ్యాంకు మేనేజర్లలో చాలామంది పద్దెనిమిదేళ్లప్పుడు ఇదే పని చేసి వచ్చినవాళ్లు. ఇప్పటికీ స్కూలు అయిపోగానే అక్కడి పిల్లలు ఒక ఏడాది దీనికి వెళ్తారు. దాన్ని చిన్నతనంగా ఎవరూ చూడరు. చుట్టాలు అడిగితే ఈ మాట ధైర్యంగా చెప్పండి. మన ఇళ్లలో నానమ్మ మంచాన పడితే ఈ పనులన్నీ అమ్మలే చేస్తారు, ఎవరూ చదువుతో ముడిపెట్టరు. కాకపోతే పని ఇలా ఉంటుందని వెళ్లే ముందే అమ్మాయికి చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం కన్సల్టెన్సీ వాళ్ల తప్పు.

ఇక అడగాల్సిన సంగతులు. వాలంటీర్ అంటే అక్కడ ఉద్యోగి కాదు. జీతగాళ్లు చేసే పనికి తోడుగా ఉండాలి తప్ప వాళ్ల స్థానంలో ఉండకూడదని నియమం. స్నానానికి సాయం చేయడం, బట్టలు తొడగడం, అన్నం తినిపించడం నేర్పించి చేయించవచ్చు. మందులు ఇవ్వమనడం, ఇన్సులిన్ వేయమనడం, రాత్రి ఒక అంతస్తు మొత్తాన్ని ఒక్కదానికే వదిలేయడం మాత్రం కుదరదు. కాబట్టి ఈసారి ఫోన్‌లో "ఎలా ఉన్నావ్" అనడానికి బదులు సూటిగా అడగండి. నీ పక్కన నర్సు ఎవరైనా ఉంటున్నారా? పని నేర్పించడానికి ఫలానా మనిషి అని ఒకరిని పెట్టారా? సెలవు రోజులు సరిగ్గా ఇస్తున్నారా? పాకెట్ మనీ టైముకి పడుతోందా? పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉందా? సెమినార్‌కి పంపించారా? ఏడాదికి 25 రోజుల సెమినార్ వాళ్ల హక్కు, అది డ్యూటీ కిందే లెక్క. కనీసం నాలుగు వారాల సెలవు కూడా ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ చందా సంస్థే కట్టాలి, అమ్మాయి చేతి డబ్బులోంచి కోయకూడదు.

వీటిలో ఏదైనా తేడా ఉంటే అది అలవాటు పడాల్సిన విషయం కాదు, ఫిర్యాదు చేయాల్సిన విషయం. వృద్ధాశ్రమం పైన ట్రేగర్ అని ఒక సంస్థ ఉంటుంది. చర్చిల సేవాసంస్థలైన డియాకొనీ, కారితాస్, ఇంకా రెడ్‌క్రాస్ లాంటివి చాలాచోట్ల ఆ బాధ్యత తీసుకుంటాయి. వాలంటీర్ల బాగోగులు చూడటానికి అక్కడ ఒక మనిషి ఉంటారు, ఒప్పందం కాగితంలో పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. వాళ్లకు మెయిల్ రాసి, నెల డ్యూటీ చార్టు ఫొటో జతచేస్తే చాలు. ఆశ్రమం మార్చమని అడిగే వీలు కూడా ఉంది. మన పిల్లలు చాలామంది ఆ మనిషిని హెడ్‌మాస్టర్ అనుకుని భయపడి దూరంగా ఉంటారు. ఆవిడో ఆయనో ఉన్నదే ఇందుకు.

అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుందాం. మరి ఏడుపెందుకు? ఒక ఉదయం షిఫ్ట్ ఎలా ఉంటుందో చూడండి. ఆరింటికి ముందే, ఇంకా చీకట్లోనే, రాత్రి నర్సు పగటి నర్సుకు వరసగా అన్నీ అప్పజెబుతుంది: పన్నెండో గదిలో ఆయన నిద్రపోలేదు, పదిహేనులో ఆవిడ నిన్న సరిగ్గా నీళ్లు తాగలేదు. అయిదు నిమిషాల్లో సగం పొట్టి మాటలతో అయిపోతుంది. తర్వాత బ్రెడ్‌కు వెన్న, జామ్ రాసి, మింగలేనివాళ్లకు చిన్న ముక్కలు కోయాలి. కొందరి నీళ్లలో చిక్కబడే పొడి కలపాలి. ఎవరు ఎన్ని మిల్లీలీటర్లు తాగారో షీటులో రాయాలి. అదంతా చేస్తుండగా తొంభై ఏళ్ల పెద్దావిడ ఆ ప్రాంతపు ష్వేబిష్ యాసలో ఏదో అడుగుతుంది. క్లాసులో విన్న జర్మన్‌కూ దానికీ పోలికే ఉండదు. గుంటూరు మిరపయార్డులో బేరం వినిపించి, పుస్తకంలో తెలుగు నేర్చుకున్నవాడిని జవాబు చెప్పమన్నట్టు ఉంటుంది. ఇలా రోజుకు ఎనిమిది గంటలు బుర్ర బిగబట్టి వింటే సాయంత్రానికి మనిషి వట్టిపోతుంది. అప్పుడు మీ ఫోన్ వస్తుంది. ఏడుపు రాదా మరి?

దీనికి మందు ఉంది. అమ్మాయికి చెప్పండి: అప్పగింతల్లో అర్థంకాని మాటలు చిన్న నోటుబుక్కులో తెలుగు లిపిలో విన్నది విన్నట్టు రాసుకుని, మధ్యాహ్నం ఒక నర్సును అడగమనండి. రోజూ ఒకే పెద్దావిడ దగ్గర పావుగంట కూర్చుని పాత ఫొటోలు చూపించమని అడగడమో, పేపరు చదివి వినిపించడమో చేయమనండి. తప్పులు చదివితే ఆవిడే దిద్దుతుంది. ముసలివాళ్లకు ఉన్నంత ఓపిక ఏ టీచరుకూ ఉండదు. నెలా రెండు నెలల్లో యాస చెవికి పడుతుంది. ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఫోక్స్‌హోఖ్‌షూలె అనే పెద్దల విద్యాకేంద్రం ఉంటుంది, అందులో సాయంత్రం క్లాసులు నడుస్తాయి. బీ1 తర్వాతి మెట్టు బీ2కి ఇప్పుడే చేరమనండి. ఎందుకో కింద చెప్తాను.

డ్యూటీ కన్నా ఖాళీ టైమే ఎక్కువ కుంగదీస్తుంది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయన్నది నిజమే. శనివారమే కూరగాయలు, పాలు కొని పెట్టుకోవాలి. డిసెంబరు 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా కూడా ఇంతే, కాబట్టి ఆ మూడు రోజులకు సరుకులు ముందే చూసుకోమనండి. ఆ రోజుల్లో డ్యూటీ పడితే బాధపడొద్దు, ఒంటరిగా గదిలో ఉండే కన్నా అదే నయం. ఆదివారాలకు సెమినార్‌లో కలిసిన తోటి వాలంటీర్లే దిక్కు. వాళ్లలో వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు, అందరిదీ ఇదే కథ. ఊళ్లో పాటల బృందమో, ఆటల క్లబ్బో తప్పకుండా ఉంటుంది. వారానికొక సాయంత్రం అక్కడికి వెళ్తే ఆశ్రమం బయట నలుగురు మొహాలు తెలుస్తాయి. తిరగడానికి దేశమంతటా లోకల్ రైళ్లలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 27 ఏళ్లలోపు వాలంటీర్లకు అంతకన్నా చవకగా యువత టికెట్ కూడా ఉంది, అది అడిగి తీసుకోమనండి.

తిండి సంగతికి వాళ్లమ్మగారు మరీ టెన్షన్ పడక్కర్లేదు. ఆ ప్రాంతం వాళ్లకు పప్పు కొత్తేమీ కాదు. లిన్జెన్ మిట్ ష్పెట్స్‌లె అని, మసూర్ లాంటి పప్పును పిండితో చేసిన పొట్టి నూడుల్స్‌తో తింటారు. పక్కన పెట్టే సాసేజ్ వద్దనవచ్చు. కందిపప్పు, చింతపండు స్టుట్‌గార్ట్ ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. తాళింపు పెట్టేటప్పుడు మాత్రం కిటికీ తీసి, వంటగది తలుపు వేయాలి. గదుల్లో పొగ అలారం తప్పనిసరిగా ఉంటుంది, ఎండుమిర్చి ఘాటుకు అది మోగిందంటే బిల్డింగంతా బయటికొస్తుంది.

చిన్నవిగా కనిపించి చిక్కుతెచ్చేవి ఇంకొన్ని. పోస్టు డబ్బా మీద అమ్మాయి పేరు ఉండాలి. పేరు లేకపోతే బ్యాంకు కార్డు, ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్స్ కాగితం అన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. రేడియో–టీవీ రుసుము ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాల్సిందే, కానీ ఒకే ఫ్లాటులో నలుగురుంటే ఒకరు కడితే చాలు. ఒంట్లో బాగాలేకపోతే షిఫ్ట్ మొదలవకముందే ఫోన్ చేసి చెప్పాలి. జ్వరంతో పనికి వెళ్లడం అక్కడ మంచితనం కాదు, ముసలివాళ్లకు అంటిస్తుందని తిడతారు. ఎవరి వాకిలికైనా "కేర్‌వోహె" అన్న బోర్డు తగిలిస్తే ఆ వారం మెట్లు ఊడ్చే వంతు వాళ్లది. ఆ ప్రాంతంలో దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు. ఇరుగుపొరుగు మొహం ముడుచుకుంటున్నారంటే కారణం ఇది కూడా కావచ్చు.

ఫోన్ల విషయంలో మీరూ కొంచెం మారాలి. చలికాలంలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున్న తొమ్మిదింటికి మీరు చేస్తే అక్కడ నాలుగున్నర, ఉదయం షిఫ్ట్ లేని రోజైతే నిద్ర చెడగొట్టినట్టే. డ్యూటీ దిగేసరికి మనకు సాయంత్రం ఆరున్నర, ఏడు అవుతుంది. అప్పుడు కూడా వెంటనే చేయకండి. తను స్నానం చేసి, తిని, కాస్త బయట తిరిగొచ్చాక తనే చేస్తుంది. రోజుకు మూడుసార్లు వీడియో కాల్ చేసి "తిన్నావా, ఏడ్చావా" అని అడిగితే మనసు ఎప్పటికీ భీమవరంలోనే ఉంటుంది. వారానికి మూడు కాల్స్ పెట్టుకోండి, మధ్యలో వాట్సాప్ సరిపోతుంది. తను నిద్రపోవట్లేదు, తినట్లేదు, బతకాలని లేదు లాంటి మాటలు అంటే మాత్రం ఇవేవీ వర్తించవు. వెంటనే ట్రేగర్‌ మనిషితో మాట్లాడాలి, డాక్టరుకు చూపించాలి. రాత్రివేళ 116117కు చేస్తే డ్యూటీ డాక్టరు సాయం దొరుకుతుంది, ప్రాణం మీదికొస్తే 112.

ఇక కెరీర్. ఈ వాలంటీర్ సేవకు కనీస వ్యవధి 6 నెలలు, మామూలుగా 12, గరిష్ఠంగా 18. ఇప్పుడు వచ్చేస్తే రెజ్యూమేలో రాసుకోవడానికి ఏమీ మిగలదు. ఫిబ్రవరి దాటితే కనీసం ఆ గడప దాటినట్టు. పూర్తి చేస్తే పని ఎలా చేసిందో వివరిస్తూ ఇచ్చే సర్టిఫికెట్‌ను అడిగి తీసుకోవాలి.

ఆ తర్వాత రెండు దారులు. నర్సింగ్ పని నచ్చిందనుకోండి, ఆస్‌బిల్డుంగ్ అనే మూడేళ్ల వృత్తి శిక్షణకు ఇంతకన్నా మంచి సిఫారసు ఉండదు. అక్కడ శిక్షణకు ఫీజు కట్టక్కర్లేదు, పైగా చాలాచోట్ల మొదటి ఏడాదే నెలకు వెయ్యి యూరోల పైన ఇస్తారు. బీ2 వస్తే తనున్న ఆశ్రమమే తీసుకునే అవకాశం ఉంది. ఒప్పందం చేతికొచ్చాక, ఉన్న నివాస అనుమతి గడువు ముగియకముందే విదేశీయుల ఆఫీసులో మార్పుకు దరఖాస్తు చేయాలి. బయోటెక్‌లో ఎంఎస్సీయే కావాలనుకుంటే ఈ ఏడాది పని అనుభవం కింద పెద్దగా లెక్కకు రాదు, భాషే లాభం. మనవాళ్లకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని తేల్చి ఇచ్చేది) తప్పనిసరి, బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చులకు నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఏపీఎస్‌కు టైం పడుతుంది కాబట్టి ఆ దారి అనుకుంటే మార్కుల లిస్టులు మీరు ఇప్పుడే ఇక్కడ సిద్ధం చేయండి. ఈ రెండూ వద్దు, ఇండియా వచ్చి ల్యాబ్ ఉద్యోగమే చేస్తానంటే, నిజం చెప్పాలంటే, ఈ ఏడాది వల్ల జర్మన్ భాష తప్ప తనకు కలిసొచ్చేది తక్కువ. అయినా 23 ఏళ్లకు చేతిలో బీ2 ఉండటం తక్కువేమీ కాదు.

మూడు లక్షల సంగతి. ఈ సేవకు ఎంపిక కావడానికి అభ్యర్థి ఎవరికీ లక్షలు కట్టాల్సిన పనిలేదు, సంస్థలకు నేరుగా మెయిల్ రాసి అప్లై చేసుకోవచ్చు. మీ డబ్బు ఇక రాదనే అనుకోండి, రశీదులు మాత్రం దాచండి. "ఆస్‌బిల్డుంగ్‌కు కూడా మేమే పెట్టిస్తాం, ఇంకో రెండు లక్షలు" అని వాళ్లే మళ్లీ ఫోన్ చేస్తారు, ఒప్పుకోకండి. ఆ మూడు లక్షలు పూడ్చడానికి అమ్మాయి పాకెట్ మనీలోంచి పంపమని కూడా అడగకండి. ఆ డబ్బు బీ2 క్లాసు ఫీజుకు, మంచి చలికోటుకు, నెలకు ఒకటి రెండు రైలు ప్రయాణాలకు సరిపోతే చాలు.